కొబాల్టు తర్వాత: లిథియం-అయాన్ కాథోడ్‌లు ఎక్కడి దాకా వచ్చాయి?

లిథియం-అయాన్ సెల్‌ను విప్పి లోపలి భాగాలను విడివిడిగా తూకం వేస్తే అన్నిటికంటే ఎక్కువ తూగేది కాథోడ్ పొడి. ఖరీదులోనూ దానిదే మొదటి స్థానం. కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. రుణ ధ్రువంలో వాడే గ్రాఫైట్ గ్రాముకు దాదాపు 350 మిల్లీయాంపియర్-అవర్ల విద్యుదావేశాన్ని దాచుకుంటుంది. ధన ధ్రువంలో, అంటే కాథోడ్‌లో, వాడుకలో ఉన్న పదార్థాలు 150 నుంచి 200 దగ్గర ఆగిపోతాయి. గ్రాము గ్రాఫైట్‌కు జోడీగా దాదాపు రెండు గ్రాముల కాథోడ్ పొడి పెట్టాల్సిందే. పైగా సెల్ తయారయ్యే రోజున అటూ ఇటూ తిరగాల్సిన లిథియం అంతా కాథోడ్‌లోనే ఉంటుంది. బ్యాటరీ ఎంత దూరం తీసుకెళ్తుంది, ఎన్నేళ్లు ఉంటుంది, నిప్పంటుకుంటే ఎలా ప్రవర్తిస్తుంది, ఏ దేశపు గనుల మీద ఆధారపడుతుంది అన్న ప్రశ్నలకు సగానికి పైగా జవాబు ఈ నల్లటి పొడిలోనే దొరుకుతుంది.

అందుకే యాభై ఏళ్లుగా కొత్త కాథోడ్ కోసం వెతుకులాట ఆగలేదు. దాని మీద మనం పెట్టే షరతులేమో ఒకదానితో ఒకటి పొసగవు. లిథియం ఎక్కువ పట్టాలి, ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి, వేలసార్లు ఖాళీ అయి నిండినా నిర్మాణం చెదరకూడదు, వేడికి ఆక్సిజన్ వదలకూడదు, గాలి తగిలితే పాడవకూడదు, చవగ్గా దొరికే లోహాలతో కావాలి. అన్నిటికీ సరిపోయే పదార్థం ఇప్పటిదాకా లేదు. ఏ షరతును సడలించుకోవాలన్నదే ప్రతి తరం ముందు నిలిచిన ప్రశ్న. ఈ చరిత్రను వరుసగా చదివినప్పుడు నాకు స్పష్టంగా కనిపించేది ఒకటుంది: ఫలితాన్ని తేల్చింది పదార్థాన్ని ఎవరు కనుగొన్నారన్నది కాదు, దాన్ని టన్నుల్లో ఒకే తీరుగా తయారు చేయడం ఎవరు నేర్చుకున్నారన్నది. భారతదేశంలో ఈ రంగం గురించి మాట్లాడేటప్పుడు మనం తరచూ మరిచిపోయే విషయం ఇదే.

గంధకం నుంచి ఆక్సిజన్‌కు

1970లలో ఎక్సాన్ సంస్థలో పనిచేస్తుండగా స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడ్ పొరల మధ్యకు లిథియం వెళ్లి మళ్లీ బయటికి రాగలదని చూపించారు. వోల్టేజీ రెండుకు పైగా వచ్చింది. అవతలి ధ్రువం లిథియం లోహం కావడంతో, ఛార్జి చేసినప్పుడల్లా సూదుల్లా పెరిగే లిథియం ముళ్లు సెల్‌ను షార్ట్ చేసేవి. ఆ బ్యాటరీ నిలదొక్కుకోలేదు, కానీ ఘన పదార్థపు పొరల మధ్య అయాన్లను దాచుకోవచ్చన్న ఊహ నిలిచింది.

ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ దీన్ని మరో వైపు నుంచి ఆలోచించారు. లిథియం అయాన్ కాథోడ్ నుంచి బయటికి పోతున్నప్పుడు అక్కడి లోహం ఒక ఎలక్ట్రాన్‌ను వదలాలి. ఆ ఎలక్ట్రాన్ శక్తి స్థాయి ఎంత లోతున ఉంటే సెల్‌కు అంత వోల్టేజీ వస్తుంది. సల్ఫైడ్‌లో ఒక హద్దు దాటితే లోహానికి బదులు గంధకమే ఎలక్ట్రాన్ వదిలేస్తుంది. ఆక్సైడ్‌లో ఆక్సిజన్ ఎలక్ట్రాన్ల స్థాయి ఇంకా లోతున ఉంటుంది కాబట్టి లోహం నుంచి మరింత వోల్టేజీ రాబట్టవచ్చు. ఈ తర్కంతో 1980లో ఆయన, కోయిచి మిజుషిమా, మరి ఇద్దరు సహచరులు లిథియం కొబాల్ట్ ఆక్సైడ్‌ను ప్రకటించారు. వోల్టేజీ నాలుగు. ఆక్స్‌ఫర్డ్ పేటెంటు మీద ఆసక్తి చూపలేదు. హక్కులు హార్వెల్‌లోని బ్రిటిష్ అణుశక్తి పరిశోధన సంస్థకు వెళ్లాయి. తర్వాతి కాలంలో వందల కోట్ల ఫోన్లలోకి చేరిన పదార్థం నుంచి గుడినఫ్‌కు రాయల్టీ రాలేదు.

1985లో జపాన్‌లోని అసాహి కసేయి సంస్థలో అకిరా యోషినో ఈ కాథోడ్‌కు కార్బన్ ఆనోడ్‌ను, అంటే రుణ ధ్రువాన్ని, జోడించారు. ఈ జోడీలోని అందం చాలామంది గమనించరు. కొబాల్ట్ ఆక్సైడ్ లిథియాన్ని తనతోనే తెస్తుంది, మామూలు గాలిలో స్థిరంగా ఉంటుంది. కాబట్టి సెల్‌ను ఖాళీ స్థితిలో భద్రంగా కట్టి, చివర్లో ఛార్జి చేయవచ్చు. లిథియం లోహాన్ని ముట్టుకునే అవసరం లేదు. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన బ్యాటరీకి ఆధారం ఇదే. ఈనాటికీ కొత్త కాథోడ్ గురించి వార్త వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇదే: అది లిథియాన్ని వెంట తెస్తుందా, గాలిలో నిలుస్తుందా?

కొబాల్ట్ ఆక్సైడ్ బలహీనతలూ త్వరగానే తెలిశాయి. సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 274 మిల్లీయాంపియర్-అవర్లు రావాలి. సగానికి మించి లిథియాన్ని తీస్తే పొరలు కుదురుగా ఉండవు కాబట్టి 140 దగ్గర ఆపేయాల్సి వచ్చింది. పైపూతలు, అల్యూమినియం వంటి కలుపులు చేర్చి, వోల్టేజీని 4.2 నుంచి 4.4 పైకి నెట్టి ఫోన్ల కోసం మరికొంత రాబట్టారు. కారుకు మాత్రం కొబాల్టు ధర కుదరదు. ప్రపంచంలో గనుల నుంచి వచ్చే కొబాల్టులో 70 శాతానికి పైగా ఒక్క కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచే వస్తోంది. అక్కడి కొల్వేజీ ప్రాంతంలో పిల్లలు సహా చేతిపనిముట్లతో తవ్వే కూలీల పరిస్థితి ప్రపంచానికి తెలిసిందే. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం కొబాల్టు ఎగుమతులను ఆపేసి, అక్టోబరు నుంచి కోటాలు పెట్టింది. ఒకే దేశపు నిర్ణయానికి ఒక పరిశ్రమ మొత్తం ఊగిపోవడం ఎలా ఉంటుందో అప్పుడు అందరికీ అర్థమైంది.

నికెల్ దారి

కొబాల్టును తగ్గించాలంటే పొరల నిర్మాణాన్ని ఉంచుకుని లోహాన్ని మార్చాలి. నికెల్, మాంగనీసు, కొబాల్టు కలిపిన ఎన్‌ఎంసీ 2001 ప్రాంతంలో వచ్చింది. కెనడాలో జెఫ్ డాన్ బృందం, జపాన్‌లో త్సుటోము ఒజుకు బృందం, అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల ఈ కుటుంబానికి పునాదులు వేశాయి. మొదట మూడు లోహాలూ సమపాళ్లలో ఉండేవి. తర్వాత నికెల్ వాటా యాభై, అరవై, ఎనభై శాతానికి ఎక్కింది. ఇప్పుడు తొంభై దాటినవీ ఉన్నాయి. నికెల్ పెరిగిన కొద్దీ గ్రాముకు 200 దాకా, అంతకు కాస్త పైకి వస్తుంది. ఖరీదైన కార్లకు దూరాన్ని ఇచ్చింది ఇదే.

కానీ నికెల్ ఎక్కువున్న పొడిని తయారు చేయడం ఎంత కష్టమో ప్రయోగ పత్రాల సారాంశాల్లో కనబడదు. ముందుగా సల్ఫేట్ ద్రావణాలను కాస్టిక్ సోడా, అమ్మోనియాలతో పెద్ద కలుపుడు తొట్టెల్లో అవక్షేపించి, దాదాపు పది మైక్రాన్ల గోళాలు చేయాలి. క్షారత కొద్దిగా అటూ ఇటూ అయితే గోళాల పరిమాణం, సాంద్రత మారిపోతాయి. తర్వాత లిథియం హైడ్రాక్సైడ్ కలిపి శుద్ధ ఆక్సిజన్‌లో 750 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాల్చాలి. వేడి ఎక్కువైతే లిథియం ఆవిరైపోతుంది, ఖాళీ అయిన చోట్లలోకి నికెల్ దూరుతుంది. లిథియం అయాన్ వ్యాసార్ధం 0.76 ఆంగ్‌స్ట్రాములు, రెండు ఆవేశాల నికెల్‌ది 0.69. ఇంత దగ్గర కావడం వల్లే ఒకదాని చోటును మరొకటి ఆక్రమిస్తుంది, ఆ తర్వాత లిథియం దారి మూసుకుపోతుంది.

కొలిమి నుంచి బయటికొచ్చాక గండం తీరదు. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు పొడి ఉపరితలంతో కలిసి క్షార లవణాలుగా మారతాయి. అలాంటి పొడితో పూత కోసం కలిపిన స్లర్రీ జెల్లీలా గడ్డకడుతుంది. అందుకే తేమ లేని గదులు కావాలి. చెన్నై, విశాఖ వంటి తీరప్రాంత నగరాల్లో ఏడాది పొడవునా గదిని పొడిగా ఉంచడానికి అయ్యే కరెంటు ఖర్చును ఊహించుకోవచ్చు. ఇక సెల్‌లో 4.2 వోల్టుల దగ్గర ఈ స్ఫటికం ఒక్కసారిగా ఒక దిశలో కుంచించుకుపోతుంది. చిన్న చిన్న రేణువులు అతుక్కుని ఏర్పడ్డ గోళం లోపల పగుళ్లు వస్తాయి. రెండు ధ్రువాల మధ్య ఉండే ద్రవం, అంటే ఎలక్ట్రోలైట్, వాటిలోకి చొరబడి కొత్త ఉపరితలాలను తినేస్తుంది. నికెల్ వాటా పెరిగిన కొద్దీ, ఛార్జి అయిన పొడి తక్కువ వేడికే ఆక్సిజన్ వదులుతుంది. మండే ద్రవం పక్కనే ఆక్సిజన్ పుట్టడం కంటే ప్రమాదం ఏముంటుంది?

వీటికి మందులున్నాయి. అల్యూమినా పూతలు, టంగ్‌స్టన్ వంటి కలుపులు, దక్షిణ కొరియాలోని హాన్‌యాంగ్ విశ్వవిద్యాలయంలో యాంగ్-కూక్ సన్ బృందం అభివృద్ధి చేసిన పద్ధతి, అంటే లోపల నికెల్ ఎక్కువగానూ అంచుల్లో మాంగనీసు ఎక్కువగానూ ఉండే గోళాలు. వీటన్నిటిలో నాకు నచ్చింది ఏకస్ఫటిక రేణువుల దారి. అతుకులే లేకపోతే అతుకుల దగ్గర పగుళ్లూ ఉండవు. డాన్ బృందం 2019లో ప్రచురించిన ఫలితాలు ఈ సెల్‌లు కారును పది లక్షల మైళ్లు నడిపించగలవని సూచించాయి. అక్కడ వాడింది సగం నికెల్ ఉన్న మధ్యరకం మిశ్రమం మాత్రమే. కొత్త మూలకం ఒక్కటీ చేరలేదు. పాత పదార్థాన్నే మెరుగైన రేణువులుగా పెంచారు, అంతే.

మాంగనీసుతో స్పినెల్ అనే స్ఫటిక నిర్మాణపు దారి గురించి క్లుప్తంగా. దక్షిణాఫ్రికా నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన మైఖేల్ థాకరే 1980ల ఆరంభంలో లిథియం మాంగనీస్ ఆక్సైడ్‌ను నిలబెట్టారు. చవక, భద్రం, వేగంగా ఛార్జి అవుతుంది. వేడికి మాత్రం తట్టుకోలేదు. ఎలక్ట్రోలైట్‌లో పిసరంత నీరున్నా పుట్టే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మాంగనీసును కరిగిస్తుంది. అది అవతలి గ్రాఫైట్ మీద పేరుకుని అక్కడి రక్షణ పొరను చెడగొడుతుంది. 2010లో వచ్చిన తొలి నిస్సాన్ లీఫ్ కార్లలో ప్రధానంగా ఈ రకమే ఉండేది. అరిజోనా వంటి ఎండ ప్రాంతాల్లో వాటి సామర్థ్యం త్వరగా పడిపోయింది. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో బండి నిలిపేవాళ్లకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది.

ఇనుము ఎలా గెలిచింది

ఈ రంగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, మన మార్కెట్ మాటలో ఎల్‌ఎఫ్‌పీ. 1997లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన మూల పత్రం మీద అక్షయ పాఢి, కె.ఎస్. నంజుండస్వామి, గుడినఫ్ పేర్లున్నాయి. మొదటి ఇద్దరూ భారతదేశం నుంచి వెళ్లినవారే. దానికి సైద్ధాంతిక పునాది 1980ల చివర్లో గుడినఫ్‌తో కలిసి అరుముగం మంతిరామ్ వేసింది. తమిళనాడులో పుట్టిన మంతిరామే 2019లో స్టాక్‌హోంలో, 97 ఏళ్ల వయసులో నోబెల్ అందుకున్న గుడినఫ్ తరఫున ఉపన్యాసం చదివారు.

ఆ పునాది ఇది. ఇనుమును మామూలు ఆక్సైడ్‌గా వాడితే వోల్టేజీ చాలదు. ఆక్సిజన్ పక్కన భాస్వరాన్నో గంధకాన్నో పెట్టి గట్టి బంధం వేస్తే, అది ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. దాంతో ఇనుముకు ఆక్సిజన్‌తో ఉన్న పట్టు సడలి, దాని శక్తి స్థాయి కిందికి దిగుతుంది. వోల్టేజీ పెరుగుతుంది. ఫాస్ఫేట్‌తో ఇనుము 3.4 వోల్టులు దాటింది. అదే గట్టి బంధం వల్ల వేడెక్కినా ఆక్సిజన్ అంత తేలిగ్గా ఊడిరాదు. వోల్టేజీ, భద్రత రెండూ ఒకే బంధం నుంచి రావడం నిజంగా అరుదైన సంగతి.

అయినా తొలి రోజుల్లో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎలక్ట్రాన్లను ఇది దాదాపు ప్రవహించనివ్వదు. లిథియం కదలడానికి ఒకే దిశలో సన్నని సొరంగాలుంటాయి. దారితప్పిన ఒక ఇనుప అయాన్ అడ్డుపడితే ఆ సొరంగం మూతపడినట్టే. సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 170 రావాల్సి ఉండగా, మొదటి పత్రంలో చాలా నెమ్మదిగా ఛార్జి చేసినా వచ్చింది దాదాపు 60 శాతం. మలుపు మాంట్రియల్ నుంచి వచ్చింది. మిషెల్ అర్మాన్, నతాలీ రావే, వారి సహచరులు రేణువుల చుట్టూ పలుచటి కార్బన్ పూత వేశారు. చక్కెర వంటి సేంద్రియ పదార్థాన్ని కలిపి కాలిస్తే ఆ పూత దానంతటదే వస్తుంది. రేణువులను మైక్రాన్‌కు ఎంతో దిగువకు తగ్గిస్తే లిథియం ప్రయాణించాల్సిన దూరం తగ్గుతుంది. పనికిరాదనుకున్న పదార్థం వేల ఛార్జింగ్ సైకిళ్లు నడిచింది.

ఆ తర్వాతి కథ పరిశ్రమది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో యెట్-మింగ్ చియాంగ్ పరిశోధన నుంచి 2001లో పుట్టిన ఏ123 సిస్టమ్స్ అమెరికాలో ఎల్‌ఎఫ్‌పీని ముందుకు తీసుకెళ్లి 2012లో దివాలా తీసింది. దాని ఆస్తులను చైనాకు చెందిన వాన్‌షియాంగ్ కొనుక్కుంది. పేటెంట్ల మీద ఏళ్ల తరబడి కోర్టు తగాదాలు నడిచాయి. చైనాలో మాత్రం దేశం లోపలి వాడకానికి లైసెన్సు రుసుం లేకుండా తయారు చేసుకునే ఏర్పాటు కుదిరింది. 2016-17 ప్రాంతంలో దూరానికి ఎక్కువ సబ్సిడీ ఇచ్చే విధానంతో అక్కడా ఎన్‌ఎంసీ పైచేయి సాధించింది. సబ్సిడీలు తగ్గడంతో ఖర్చు లెక్కలు మళ్లీ ముందుకొచ్చాయి. 2020లో బీవైడీ పొడవాటి సెల్‌లను నేరుగా ప్యాక్‌లో పేర్చే బ్లేడ్ బ్యాటరీని ప్రకటించింది. మధ్యలో మాడ్యూల్ పెట్టెలు తీసేయడంతో, పొడి స్థాయిలో ఉన్న బరువు లోటు ప్యాక్ స్థాయిలో చాలావరకు భర్తీ అయింది. అదే ఏడాది షాంఘైలో తయారయ్యే టెస్లా మోడల్ 3 కార్లలోకి చైనా సంస్థ కాటిల్ (సీఏటీఎల్) వారి ఎల్‌ఎఫ్‌పీ సెల్‌లు వచ్చాయి. 2022లో కీలక పేటెంట్ల గడువు ముగిసింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2024లో ప్రపంచ విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో దాదాపు సగం ఎల్‌ఎఫ్‌పీయే.

గుడినఫ్ 2023 జూన్‌లో, నూరేళ్లు నిండిన వయసులో కన్నుమూశారు. ఇనుము గెలుపును చూసే వెళ్లారు.

మన దగ్గర ఈ ఎంపిక ప్రాణాలతో ముడిపడింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో పెట్టిన విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల నేరం మొత్తాన్ని కాథోడ్ మీదికి నెట్టలేం. నాసిరకం సెల్‌లు, ప్యాక్ కట్టిన తీరు, నియంత్రణ సర్క్యూట్ల లోపాలు విచారణల్లో బయటపడ్డాయి. డిసెంబరు నుంచి బ్యాటరీ భద్రతపై కఠినమైన ఏఐఎస్-156 నిబంధనలు వచ్చాయి. కానీ పడకగదిలో ఛార్జింగ్ పెట్టే దేశంలో, తప్పు జరిగినప్పుడు తేలిగ్గా ఆక్సిజన్ వదలని కాథోడ్ ఉండటం కనీస జాగ్రత్త అని నా నమ్మకం. ఎల్‌ఎఫ్‌పీ అసలు కాలదని కాదు. దాని ఎలక్ట్రోలైట్ కూడా మండేదే, వెలువడే వాయువులూ ప్రమాదకరమే. ప్రమాదం మొదలవడానికి, ఎగసిపడటానికి మధ్య అది ఇచ్చే వ్యవధి ఎక్కువ.

దాని లోపాలనూ చెప్పాలి. చలికి మందగిస్తుంది, దక్కన్‌లో అది పెద్ద చిక్కు కాదు. వోల్టేజీ రేఖ బల్లపరుపుగా ఉండటంతో ఎంత ఛార్జి మిగిలిందో సర్క్యూట్‌కు సరిగ్గా తెలియదు. స్కూటరు 20 శాతం చూపిస్తూ హఠాత్తుగా ఆగిపోవడానికి ఒక కారణం ఇదే.

ప్రయోగశాల లెక్క, ఫ్యాక్టరీ లెక్క

ప్రతి నెలా ఎక్కడో ఒకచోట అద్భుత కాథోడ్ వార్త వస్తుంది. వాటిని చదివే పద్ధతి తెలుసుకోవడం అవసరం. పరిశోధనలో వాడేది సాధారణంగా బొత్తాంలాంటి కాయిన్ సెల్. అవతలి ధ్రువంగా లిథియం రేకు పెడతారు. కాథోడ్ ఎంత లిథియం పోగొట్టుకున్నా ఆ రేకు పూడ్చేస్తుంది కాబట్టి లోటు కనబడదు. చదరపు సెంటీమీటరుకు రెండు మూడు మిల్లీగ్రాముల పలుచటి పూత, అవసరానికి ఎన్నో రెట్ల ఎలక్ట్రోలైట్, వంద సైకిళ్ల పరీక్ష. పరిశ్రమలో పూత ఇరవై మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, ఎలక్ట్రోలైట్ కొలిచి పోస్తారు, లిథియం కాథోడ్ తెచ్చిందే.

ఒక లెక్క చూడండి. ప్రతి సైకిల్‌లో 99.9 శాతం లిథియం తిరిగొస్తోందనుకుందాం. పత్రంలో ఇది గొప్ప అంకెలా కనిపిస్తుంది. కొత్త లిథియం అందని నిజమైన సెల్‌లో వెయ్యి సైకిళ్ల తర్వాత మిగిలేది 37 శాతం. 99.99 శాతం అయితే 90 మిగులుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడాను కొలవడానికే ఎంతో కచ్చితమైన పరికరాలు కావాలి. డాన్ ప్రయోగశాల అలాంటి కొలతల మీద ఏళ్లు వెచ్చించింది. మన విశ్వవిద్యాలయాల్లో ఈ విషయం మీద పీహెచ్‌డీలు చాలా వస్తున్నాయి, కష్టపడే పిల్లలున్నారు. పూర్తి సెల్‌లో, నిజమైన మందం పూతతో, 45 డిగ్రీల దగ్గర చేసిన పరీక్ష ఒక్కటైనా ఉండాలని మార్గదర్శకులు పట్టుబడితే వాళ్ల శ్రమకు విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కంప్యూటర్లతో కొత్త స్ఫటికాలను వెతికే పనికీ ఇది వర్తిస్తుంది. 2011లో మొదలైన మెటీరియల్స్ ప్రాజెక్ట్ పరిశోధకులకు అమూల్యమైన భాండాగారం. 2023లో గూగుల్ డీప్‌మైండ్ 22 లక్షల స్ఫటిక నిర్మాణాలను ఊహించి చూపింది. కానీ జాబితా కొరత ఈ రంగాన్ని ఎప్పుడూ ఆపలేదు. ఎల్‌ఎఫ్‌పీ 1997లోనే జాబితాలో ఉంది. దాన్ని ప్రపంచ మార్కెట్‌లో సగానికి చేర్చడానికి పాతికేళ్లు పట్టింది.

వరుసలో ఉన్నవి

ఎల్‌ఎఫ్‌పీకి దగ్గరి వారసుడు ఎల్‌ఎంఎఫ్‌పీ. అదే నిర్మాణంలో ఇనుముకు బదులు కొంత మాంగనీసు. మాంగనీసు 4.1 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. 60 శాతం మాంగనీసు పెడితే సగటు 3.8 దాటి, శక్తి పదో వంతుకు కాస్త మించి పెరుగుతుంది. చిన్న లాభమే అయినా పాత యంత్రాలు, పాత ప్యాక్‌లు దాదాపు అలాగే పనికొస్తాయి. విద్యుద్వాహకత ఎల్‌ఎఫ్‌పీ కంటే కూడా తక్కువ, వేడికి మాంగనీసు కరిగే పాత జబ్బు ఇంకా ఉంది. రెండు మెట్లుగా పడే వోల్టేజీని సర్క్యూట్ సంభాళించాలి.

నికెల్-మాంగనీస్ స్పినెల్ 4.7 వోల్టులు ఇస్తుంది, కొబాల్టు అక్కరలేదు. అంత వోల్టేజీకి నిలిచే ఎలక్ట్రోలైట్ దొరక్కపోవడమే దాని కథ.

అందరి ఆశలూ ఎక్కువగా లిథియం, మాంగనీసు అధికంగా ఉన్న పొరల ఆక్సైడ్ మీద ఉన్నాయి. గ్రాముకు 250 పైన వస్తుంది. ఇంత ఎలా సాధ్యమన్నదానికి జవాబు 2013 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జాన్-మరీ తరాస్కాన్ బృందం పరిశోధనలతో తేటపడింది. ఆ పత్రానికి మొదటి రచయిత మరియప్పన్ సత్య. లోహంతో పాటు ఆక్సిజన్ కూడా ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకుంటోంది. గుడినఫ్ కాలంలో హద్దుగా అనుకున్న గీత దాటినట్టే. దానికి మూల్యం ఉంది. ఆక్సిజన్ కొంత వాయువుగా పోతుంది, లోహ అయాన్లు లిథియం చోట్లలోకి జరుగుతాయి, నెలలు గడిచిన కొద్దీ వోల్టేజీ దిగజారుతూ పోతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే గోడ. 2025 మేలో జనరల్ మోటార్స్, ఎల్‌జీ ఈ రకం సెల్‌లను 2028లో ట్రక్కుల్లో పెడతామని ప్రకటించాయి. నిలబెట్టుకుంటే ఇది పెద్ద మలుపే. నేను ఆ సెల్‌ల రెండో వేసవి లెక్కల కోసం ఎదురుచూస్తాను.

శాస్త్రవేత్త గెర్‌బ్రాండ్ సీడర్ ప్రతిపాదించిన క్రమం లేని ఉప్పు నిర్మాణాలు ఊహకు కొత్త తలుపులు తెరిచాయి. పొరలు అక్కరలేదు, లిథియం కాస్త ఎక్కువుంటే చాలు, దారులు వాటంతటవే కలుస్తాయి. మాంగనీసు, టైటానియం వంటి చవక లోహాలతో చేయవచ్చు. ప్రస్తుతానికి చాలా సన్నగా నూరి, చాలా కార్బన్ కలిపితేగానీ పనిచేయవు. గంధకం గ్రాముకు 1,675 ఇస్తుందన్న అంకె ఆకర్షిస్తుంది. అది కరిగి అవతలికి చేరే జబ్బు, లిథియం లోహం కావాల్సిరావడం దాన్ని ఇంకా దూరంగానే ఉంచుతున్నాయి.

మన కొలిమి

భారత ప్రభుత్వం 2021లో 18,100 కోట్ల రూపాయలతో, 50 గిగావాట్-అవర్ల లక్ష్యంతో సెల్ తయారీ ప్రోత్సాహక పథకం తెచ్చింది. ఇప్పటిదాకా పూర్తయింది చాలా కొంచెం. సెల్ ఫ్యాక్టరీకి ఇచ్చిన శ్రద్ధలో కొంతైనా కాథోడ్ పొడికి, దానికి ముందు దశల రసాయనాలకు ఇచ్చి ఉండాల్సింది. పొడి చైనా నుంచి, యంత్రాలు చైనా నుంచి వచ్చి ఇక్కడ చుట్టిన సెల్‌లో మన వాటా ఎంత?

హైదరాబాద్ బాలాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఎల్‌ఎఫ్‌పీ తయారీ పద్ధతిని సొంతంగా అభివృద్ధి చేసి, ఆల్ట్‌మిన్ అనే స్థానిక సంస్థతో కలిసి పైలట్ స్థాయికి తెచ్చింది. ప్రభుత్వ ప్రయోగశాల నుంచి పొడి బస్తాల్లోకి రావడం మన దగ్గర అరుదు, అందుకే దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 2023లో 9,500 కోట్ల పెట్టుబడి అంచనాతో గిగా ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. సీసం బ్యాటరీలతో చిత్తూరు జిల్లాలో ఎదిగిన సంస్థ అది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ పరిజ్ఞానం కోసం 2024లో చైనా మూలాలున్న గోషన్ అనుబంధ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2025 జులైలో చైనా ఎల్‌ఎఫ్‌పీ, ఎల్‌ఎంఎఫ్‌పీ కాథోడ్ తయారీ పరిజ్ఞానాల ఎగుమతిపై నియంత్రణ విధించింది. 1997 పత్రం ఎవరైనా చదువుకోవచ్చు. బాల్ మిల్లు ఎంతసేపు తిరగాలి, కొలిమిలో నత్రజని ఎటునుంచి ఎంత వేగంతో రావాలి, ఏ బ్యాచ్‌ను పారేయాలి అన్నవి ఏ పత్రంలోనూ ఉండవు. చైనా తాళం వేసింది సరిగ్గా వాటికే.

ముడి సరుకు వైపు చూస్తే మనం పూర్తిగా వట్టిచేతులతో లేం. నికెల్, కొబాల్టు మన గనుల్లో తవ్వడం లేదు కాబట్టి ఆ దారి మనకు ఎప్పుడూ పరాధీనమే. ఇనుముకు లోటు లేదు. ఎరువుల కోసం ఫాస్ఫారిక్ ఆమ్లం తయారు చేసే అనుభవం విశాఖలో దశాబ్దాలుగా ఉంది, రాక్ ఫాస్ఫేట్ దిగుమతిదే అయినా. మాంగనీసు విషయానికొస్తే, విజయనగరం జిల్లా గర్భాం, గరివిడి పరిసరాల్లో 1890ల నుంచి తవ్వకాలున్నాయి. ఆ ఖనిజం ఉక్కు పరిశ్రమకు, ఫెర్రో అల్లాయిస్‌కు పోతోంది. భాస్వరం ఎక్కువన్నది దాని మీద పాత ఫిర్యాదు. బ్యాటరీకి కావాల్సింది ఖనిజం కాదు, అతి శుద్ధమైన మాంగనీస్ సల్ఫేట్. ప్రపంచంలో దాన్ని శుద్ధి చేసే సామర్థ్యంలో 90 శాతానికి పైగా చైనాదే. ఆ శుద్ధి ప్రక్రియకు గనుల కంటే రసాయన ఇంజినీర్లు ముఖ్యం, హైదరాబాద్, విశాఖ ఫార్మా పరిశ్రమల్లో అలాంటివాళ్లు వేలల్లో ఉన్నారు. మాంగనీసు కాథోడ్‌లు పుంజుకునే రోజుకు ఈ శుద్ధి మన దగ్గర ఉండాలంటే పని ఇప్పుడే మొదలవ్వాలి. కాలుష్యం గురించి అక్కడి పల్లెలతో ముందే మాట్లాడాలి.

లిథియం ఒక్కదానికి మాత్రం దగ్గరి దారి లేదు. 2023లో జమ్మూ కశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల ఖనిజ వనరును ప్రకటించారు, వేలం ఫలించలేదు. అందుకే ఇప్పటికే దేశంలోకి వచ్చిన లిథియాన్ని పోగొట్టుకోకుండా చూడటం ముఖ్యమవుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు సేకరణ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. పాత ఫోన్ బ్యాటరీలో కొబాల్టు ఉంటుంది కాబట్టి దాన్ని కరిగించేవాడికి గిట్టుబాటవుతుంది. ఎల్‌ఎఫ్‌పీలో ఇనుము, ఫాస్ఫేట్ తప్ప అమ్ముకోవడానికి లిథియం ఒక్కటే ఉంది. అయితే ఎల్‌ఎఫ్‌పీ వృద్ధాప్యంలో ఒక విశేషముంది. దాని స్ఫటిక చట్రం పెద్దగా చెడదు. లిథియం కొంత గ్రాఫైట్ వైపు చిక్కుకుపోవడమే సామర్థ్యం తగ్గడానికి ప్రధాన కారణం. అలాంటి పొడిని ఆమ్లంలో కరిగించకుండానే, తగ్గిన లిథియాన్ని తిరిగి కలిపి, కార్బన్ సమక్షంలో మళ్లీ కాలిస్తే చాలావరకు కొత్తదానిలా పనిచేస్తుందని ప్రయోగాలు చూపిస్తున్నాయి. అల్యూమినియం రేకు నుంచి పొడిని శుభ్రంగా వేరు చేయడం, రకరకాల కంపెనీల పొడులు కలిసిపోకుండా చూడటం దీనిలో అసలు చిక్కులు. ఎల్‌ఎఫ్‌పీని మొదటిసారి కాల్చడానికి కట్టుకునే కొలిమిలోనే ఈ రెండో కాల్పూ జరుగుతుంది కాబట్టి, పొడి తయారీ నేర్చుకున్న సంస్థకే ఈ పని చేయడం తేలిక. మన రోడ్ల మీదికి ఎల్‌ఎఫ్‌పీ స్కూటర్లు, ఆటోలు పెద్ద సంఖ్యలో వచ్చింది ఈ మూడు నాలుగేళ్లలోనే. వాటి ప్యాక్‌లు పాత సామాన్ల దుకాణాలకు చేరడానికి ఇంకా కొన్నేళ్ల వ్యవధి ఉంది.